చిక్కుడుకు తొందర లేదు




మా మేడ మీది చిక్కుడు పాదు గురించి రాసిన దగ్గర్నుంచి మీరంతా అడుగుతున్నది ఒకటే: పూతొచ్చిందా అని. రాలేదు. దసరా వెళ్లింది, తీగేమో నీళ్ల ట్యాంకు ఎక్కి పక్కింటి వాళ్ల డిష్షుకు చుట్టుకుంది. కింది వాటా పిన్నిగారు సాయంత్రం పైకొచ్చినప్పుడల్లా, "అంతా ఆకేగా! కాస్త యూరియా వెయ్యరాదూ" అంటారు.

యూరియా వేస్తే ఇంకాస్త ఆకు పెరుగుతుంది, అంతే. నాటు చిక్కుడు పొద్దు తగ్గి రాత్రి పెరిగితే గానీ పూత పట్టదు. రోహిణి కార్తెలో గింజ పెట్టినా, ఆ తర్వాత రెండు నెలలకు పెట్టినా దాని లెక్క చలికాలమే. మా నాయనమ్మకు ఈ శాస్త్రం తెలియదు గానీ రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం కట్టి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టడం తెలుసు. కాయ ఏ నెలలో కాస్తుందో పండగే చెప్పేది.

పొలాన్ని మేడ మీదికి తేవడమంటే మట్టి తేవడమేననుకున్నాను మొదట్లో. దివిసీమ వైపు మా ఊరి నుంచి ఆరు బస్తాల నల్లరేగడి తెచ్చి డ్రమ్ముల్లో నింపాను. పొలంలో బంగారం పండించే ఆ మట్టి డ్రమ్ములో నన్ను ఏడిపించింది. తడిస్తే బంక, ఎండితే అంచులు వదిలేసి బీటలు. పోసిన నీళ్లు ఆ సందుల్లోంచి జారిపోయేవి, వేరుకు చుక్క అందేది కాదు. (పిన్నిగారి సీలింగ్ మీద చెమ్మ మరక కథ అదే. ఆవిడ ఈ ఉత్తరాలు చదవరు కాబట్టి ఒప్పుకుంటున్నాను.) ఇప్పుడు మట్టి మూడో వంతే. మిగతాది మాగిన పేడ ఎరువు, కొబ్బరి పొట్టు. శ్లాబు మీద బరువూ తగ్గింది.

జీవామృతం కూడా అంతే. ఎకరానికి చెప్పే లెక్క 200 లీటర్ల నీళ్లకు పది కిలోల పేడ, పది లీటర్ల ఆవు మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు పొలం మట్టి. మనకు బకెట్టు చాలు: పది లీటర్ల నీళ్లకు అర కిలో పేడ, అర లీటరు మూత్రం, బెల్లం, పిండి వంద గ్రాముల చొప్పున, చిటికెడు మట్టి. వాసనకు మాత్రం నాది పూచీ కాదు.

మిద్దెతోట అనే మాటను మన ఇళ్లల్లో నిలబెట్టింది హైదరాబాదులోని కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు. ఆ మాట మీద నాకు 2024 సెప్టెంబరులో గౌరవం మరీ పెరిగింది. బుడమేరు పొంగి విజయవాడలోని మా సింగ్‌నగర్ మునిగినప్పుడు కింద పెరట్లోని కరివేపాకు, మందార రెండూ కుళ్లిపోయాయి. కరెంటు లేని ఆ రోజుల్లో మేడ మీది బచ్చలి కోసి, గ్యాసు మిగిలున్నంత వరకు పప్పులో వేసుకుని నాలుగు వాటాల వాళ్లం తిన్నాం. నీళ్లు తీశాక వీధంతా బురద పేరుకుంది. వరద తెచ్చిన ఒండ్రు అంటే మా నాన్నకు ప్రాణం. ఎత్తుకుందామా అని ఒక్క క్షణం అనిపించింది. వద్దనుకున్నాను. ఊరి మురుగంతా కలిసిన బురద అది, ఆకుకూరల మడికి పనికిరాదు.

నీళ్ల మాటకొస్తే, ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ మూడూ ఊరి మధ్యనుంచే పొలాలకు పోతాయి. వంతెన మీద స్కూటర్ ఆపి ఆ నీళ్లు చూస్తాను, ఇంటికొచ్చి బోరు నీళ్లు పోస్తాను.

పూతతో పాటే పేనుబంక కూడా దిగుతుంది కాబట్టి వేపనూనె కొని ఉంచాను. రథానికి ఏడు కాయలు కావాలని పిన్నిగారు ఇప్పుడే చెప్పి పెట్టారు. మీలో ఎవరి దగ్గరైనా పాత రకం చిక్కుడు గింజలుంటే నాలుగు కాగితంలో చుట్టి పంపండి.

ఇట్లు,
మీ మేడమీది రైతు