ఊపిరి బిగపట్టలేనివారి గుండె

మా పెద్దక్కను నల్లగొండ పక్కనున్న పానగల్లుకు ఇచ్చారు. అక్కడి ఛాయా సోమేశ్వరాలయంలో శివలింగం వెనుక స్తంభపు నీడ పగలంతా నిలిచే ఉంటుంది. సూర్యుడు కదులుతాడు, నీడ కదలదు. చిన్ననాడు అది నాకు వింత. కదిలేదాని నుంచి కదలని చిత్రాన్ని రాబట్టడం ఎంత కష్టమో అక్క జబ్బుపడినప్పుడు మళ్ళీ తెలిసివచ్చింది.

అక్కకు ఆయాసం మొదలైంది. గుండె సంకోచశక్తి తగ్గిందని ఎకో పరీక్షలో తేలింది. తెలియకుండా వచ్చిపోయిన గుండెపోటా, కండరానికే పట్టిన వ్యాధా? చికిత్స దాన్నిబట్టి మారుతుంది కనుక ఎం.ఆర్.ఐ. అవసరమైంది.

గుండె చప్పుడును ఈసీజీతో లెక్కించి చిత్రాలను జతచేయవచ్చు. చిక్కంతా ఊపిరితోనే. ఊపిరితో ఉదరవితానం, దానితోపాటు గుండె పైకీ కిందికీ జరుగుతాయి, చిత్రం మసకబారుతుంది. అందుకే ఒక్కో చిత్రానికి పది, పదిహేను సెకన్లు ఊపిరి బిగపట్టమంటారు. అక్క వల్ల కాలేదు. చిత్రాలు పనికిరాలేదు. బయటకు వచ్చి, "తమ్మీ, నాతోని గాలే. తప్పు నాదే" అని కన్నీళ్ళు పెట్టుకుంది.

తప్పు ఆమెది కాదు. ఈ పరీక్ష ఎవరికి ఎక్కువ అవసరమో, ఊపిరి బిగపట్టలేనివారు తరచూ వారే. ఈ చిక్కును శాస్త్రజ్ఞులు ఏనాడో గుర్తించారు. ఉదరవితానం ఎక్కడుందో కనిపెడుతూ, అది అనువైన చోట ఉన్నప్పటి సంకేతాలనే స్వీకరించే 'నావిగేటర్' పద్ధతికి 1989లో నాంది పడింది. పలు కాయిల్స్‌తో సంకేతాలను పంచుకునే 'సెన్స్' 1999లో, కొద్ది సంకేతాలతోనే పూర్తి చిత్రాన్ని గణించే 'కంప్రెస్డ్ సెన్సింగ్' 2007లో వచ్చాయి. 2010లో జర్మనీలోని గోటింగెన్ శాస్త్రజ్ఞులు ఇరవై మిల్లీసెకన్లకొక చిత్రం తీసి చూపారు. అంత వేగంలో ఊపిరి అడ్డురాదు.

మరొక కేంద్రంలో, అక్క మామూలుగా ఊపిరి పీలుస్తుండగానే పరీక్ష చేశారు. గుండె కండరపు లోపలి పొరలో మచ్చ స్పష్టంగా కనబడింది. రక్తనాళం మూసుకుపోయి వచ్చిన గుండెపోటు మచ్చ లోపలి పొరనుంచే మొదలవుతుంది. ఇక సందేహం తీరింది. చికిత్సకు దారి దొరికింది.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ పరీక్ష రాస్తే, పడుకోగలరా, ఎంతసేపు ఊపిరి ఆపగలరు అన్నది ముందే చెప్పండి. ఊపిరి పీలుస్తూనే పరీక్ష చేసే వీలుందా అని అడగండి. ఊపిరి బిగపట్టవలసి వస్తే, వదిలాక ఆపడం ఇంటివద్దే సాధన చేయించండి. అప్పుడు గుండె దాదాపు ఒకే చోట నిలుస్తుంది. బిగపట్టలేకపోతే సిగ్గుపడనవసరం లేదు.