కాపాడిన చేతులకు సంకెళ్లు

భిలాయిలో నెహ్రూ నగర్ అనే పేరు వినగానే ఒక కాలపు కల గుర్తుకు వస్తుంది. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించిన తొలి బ్లాస్ట్ ఫర్నేస్, వరుసలు తీరిన సెక్టార్లు, కార్మికుని బిడ్డకు బడి, ఇంటిల్లిపాదికీ ఆసుపత్రి. శ్రీకాకుళం, విశాఖ జిల్లాల నుండి బతుకుతెరువు వెతుక్కుంటూ వెళ్లిన తెలుగు కుటుంబాలెన్నో ఆ కలలో చోటు సంపాదించుకున్నాయి.

నెహ్రూ నగర్ నుండి జీ.ఈ. రోడ్డు వెంట తూర్పుగా కొన్ని కిలోమీటర్లు వెళితే పవర్‌హౌస్ రైల్వే స్టేషన్ వస్తుంది. 1992 జులై 1న ఆ పట్టాల మీద వేలాది కార్మికులు కూర్చున్నారు. ఉక్కు కర్మాగారాన్ని ఆనుకొని ఎదిగిన ప్రైవేటు ఫ్యాక్టరీలలో పనిచేసే వారు. కనీస వేతనం, ఎనిమిది గంటల పనిదినం, యూనియన్‌లో చేరినందుకు తొలగించిన వారికి తిరిగి ఉద్యోగం: ఇవీ వారి కోరికలు. వీటిలో చాలావరకు దేశపు చట్టపుస్తకాలలో అప్పటికే ఉన్నవే. ఆ చట్టాన్ని అమలు చేయవలసిన ప్రభుత్వమే ఆ సాయంత్రం తుపాకులు పేల్చింది. పదిహేను మందికి పైగా కార్మికులు మరణించారు. అప్పుడు అవిభక్త మధ్యప్రదేశ్‌లో సుందర్‌లాల్ పట్వా ప్రభుత్వం ఉండేది.

ఆ కార్మికులకు అంతకు తొమ్మిది నెలల ముందే తుపాకీ రుచి తెలిసింది. వారి నాయకుడు శంకర్ గుహా నియోగి 1991 సెప్టెంబరులో కార్మికులను వెంటబెట్టుకొని ఢిల్లీ వెళ్లి, రాష్ట్రపతి వెంకట్రామన్‌కు వినతిపత్రం ఇచ్చి వచ్చారు. సెప్టెంబరు 28 తెల్లవారుజామున భిలాయిలోని తన నివాసంలో నిద్రలో ఉండగా కిటికీలోంచి కాల్చి చంపారు. 1997లో దుర్గ్ సెషన్స్ కోర్టు పారిశ్రామికవేత్తలతో సహా పలువురిని దోషులుగా తేల్చింది. మరుసటి ఏడాది హైకోర్టు అందరినీ విడుదల చేసింది. 2005లో సుప్రీంకోర్టు కాల్చిన వాడికి మాత్రం యావజ్జీవం విధించింది. తుపాకీ పట్టిన చేయి దొరికింది. ఆ చేతికి కూలి ఎవరిచ్చారన్న ప్రశ్నకు న్యాయస్థానంలో జవాబు దొరకలేదు.

అధికార దుర్వినియోగపు చరిత్రగా మాత్రమే చూస్తే ఈ కథ ఇక్కడితో ముగిసిపోతుంది. చంపిన వారి వైపు నుండి చెప్పే చరిత్రలన్నిటికీ ఈ లోపం ఉంటుంది. ఛత్తీస్‌గఢ్ కార్మికులు తమను తాము ఎలా కాపాడుకున్నారన్నది చూడాలంటే భిలాయి కొలిమికి ఇనుప ఖనిజం పంపే దల్లీ రాజహరాకు వెళ్లాలి.

ఆ గనులలో యంత్రాలతో పనిచేసే శాశ్వత కార్మికులు ఒక వర్గం, చేతులతో రాయి కొట్టే కాంట్రాక్టు కార్మికులు మరొక వర్గం. ఒకే కొండ తవ్వినా బోనస్ వేరు, వైద్యం వేరు. ఈ తేడా మీదే 1977లో కాంట్రాక్టు కార్మికులు తమ సొంత సంఘం పెట్టుకున్నారు. ఆ జూన్ 2 రాత్రి పోలీసులు నియోగిని అరెస్టు చేసి తీసుకుపోయారు. విడిపించాలని గుమిగూడిన వారిపై ఆ రాత్రి, మర్నాడు కాల్పులు జరిపారు. 11 మంది మరణించారు.

తరువాత యూనియన్ ఉపాధ్యక్షురాలు కుసుమ్ బాయి ప్రసవ సమయంలో సరైన వైద్యం అందక కన్నుమూశారు. తుపాకీ చంపినవారూ నిర్లక్ష్యం చంపినవారూ ఒకే బస్తీ వారు. ఆ బస్తీ రెండు మరణాలకూ కలిపి ఒకే జవాబు ఇచ్చింది. కార్మికులు చందాలు వేసుకొని, పని ముగిశాక శ్రమదానం చేసి ఆసుపత్రి కట్టుకున్నారు. 1983 జూన్ 3న, కాల్పులు జరిగి సరిగ్గా ఆరేళ్లకు, షహీద్ ఆసుపత్రి తెరుచుకుంది. గని కార్మికులే శిక్షణ పొంది ఆరోగ్య కార్యకర్తలయ్యారు. వినాయక్ సేన్, శైబాల్ జానా వంటి వైద్యులు వచ్చి వారితో కలిశారు. పోరాటమూ నిర్మాణమూ ఒకే పనికి రెండు పేర్లన్న నియోగి మాట అక్కడ నినాదంగా మిగిలిపోలేదు. మంచాలు, మందులు, కాన్పుల గది అయింది.

పరస్పర రక్షణ అంటే దాడి జరిగిన రోజున చేతులు పట్టుకొని నిలబడడం ఒక్కటే కాదని దల్లీ రాజహరా నేర్పుతుంది. ఆ రోజుకు ఎంతో ముందే వైద్యుడిని, వకీలును, చందా పెట్టెను, ఒకరి ఇంటి కష్టం మరొకరికి తెలిసే అలవాటును సిద్ధం చేసుకోవాలి.

రాజ్యం కూడా ఈ సంగతి గ్రహించింది. వినాయక్ సేన్‌ను 2007లో అరెస్టు చేశారు. 2010 డిసెంబరులో రాయపూర్ కోర్టు రాజద్రోహ నేరం కింద ఆయనకు యావజ్జీవ శిక్ష విధించింది. నాలుగు నెలలకు సుప్రీంకోర్టు బెయిలు ఇచ్చింది. కార్మికుల కేసులు వాదించేందుకు నలభయ్యో ఏట న్యాయవాది అయిన సుధా భరద్వాజ్‌ను 2018లో భీమా కోరేగావ్ కేసులో అరెస్టు చేశారు. మూడేళ్లకు పైగా నిర్బంధం తరువాత 2021 డిసెంబరులో ఆమె బెయిలుపై బయటికి వచ్చారు.

అన్నిటికంటే వింత శైబాల్ జానా అరెస్టు. 1992 కాల్పులలో గాయపడిన కార్మికులకు వైద్యం చేసిన ఆయనను 2016 మార్చిలో ఆనాటి కేసులోనే పట్టుకుపోయారు. పోలీసు కాగితాలలో ఆయన 24 ఏళ్లుగా పరారీలో ఉన్న నిందితుడు. ఆ ఇరవై నాలుగేళ్లూ ఆయన అదే షహీద్ ఆసుపత్రిలో, ఊరంతా ఎరిగిన చోట, రోగులను చూస్తూనే ఉన్నారు. జ్వరం వచ్చిన గని కూలీకి తెలిసిన చిరునామా పోలీసులకు తెలియలేదని నమ్మాలట!

కాల్చిన వారికి రికార్డు మరుపునిచ్చింది. కట్టు కట్టిన వానికి వారెంటు దాచి ఉంచింది. కాపాడే వారిని నేరస్థులుగా చూపగలిగితే, గాయపడిన వారి దగ్గరకు వెళ్లేందుకు తరువాతి వ్యక్తి జంకుతాడు. ఈ వారెంటు అసలు గురి ఆ జంకే.

ఇక్కడ నెహ్రూ నగర్ వంటి కాలనీలు తమను తాము వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది. ప్రభుత్వరంగం ఇచ్చిన భద్రతలో పెరిగిన తరానికి పిల్లలున్నారు. ఆ పిల్లలలో ఎందరికి శాశ్వత ఉద్యోగాలు దొరుకుతున్నాయి? 1992లో పట్టాల మీద కూర్చున్న వారు అడిగిన పనిగంటలు, వేతనాలు, యూనియన్ హక్కు నేడు ఎవరి బిడ్డలు అడుగుతున్నారు? పరాయివారి గొడవ అనుకున్నది ఒక తరం గడిచేసరికి సొంత ఇంటి గుమ్మం ఎక్కుతుంది.

ఏటా జులై 1న పవర్‌హౌస్ వద్ద కార్మికులు ఎరుపు, ఆకుపచ్చ జెండాలతో చేరి మృతులకు నివాళి అర్పిస్తారు. ఎరుపు కార్మికునిది, ఆకుపచ్చ రైతుది. నెహ్రూ నగర్ నుండి అక్కడికి పెద్ద దూరమేమీ లేదు.