నాలుగో ఆజ్ఞ

మా నాయన పడుకోబోయే ముందు మాచేత పది ఆజ్ఞలూ అప్పజెప్పించుకునేవాడు. నాలుగోదాని దగ్గర ఆయన గొంతు మారేది. విశ్రాంతి దినాన దాసుడూ, దాసీ, చివరకు పశువూ పని చెయ్యరాదని ఆ ఆజ్ఞ. కాలేజీలో చేరాక నేను దాన్ని ఎగతాళి చేశాను. విధేయత బానిస గుణమని వాదించాను. మనలో చాలామందికి ఆ వాదం సులభంగానే అబ్బుతుంది.

తర్వాత ఒంగోలు ప్రాంతపు చరిత్ర చదివాను. కరువు వెనువెంటనే, 1878 జూలై 3న, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అత్యధికులు మాదిగలు. అమెరికన్ బాప్టిస్టు మిషన్ క్లౌ దొర చేరినవారికి ముఖ్యంగా చెప్పినవి మూడు: విగ్రహాలకు మొక్కవద్దు, చచ్చిన గొడ్డును తినవద్దు, ఆదివారం పని చెయ్యవద్దు. పిలిచిన రోజల్లా పోవలసిన వెట్టివాడు కరణంతో "ఈవేళ రాను" అన్నాడంటే మాటలా! దెబ్బలు తిన్నారు. అయినా ఆజ్ఞ తప్పలేదు. దేవుడికి లోబడటమంటే అక్కడ ఊరి పెత్తనాన్ని కాదనటమే అయింది. (దొరగారు అంతదూరం ఆలోచించారో లేదో వేరే సంగతి.)

మా పేట కూలీలు సమ్మె కట్టిన ఏడు పాస్టరుగారు పౌలు పత్రిక తీసి, అధికారులకు లోబడండని ప్రసంగించారు. విప్లవం మాట్లాడే నేను తల వంచుకు కూర్చున్నాను. మా నాయన లేచి, "పదింటిలో అది ఎన్నోదయ్యా?" అని అడిగాడు.

మరుసటి ఆదివారమూ ఆయన గుడికి వెళ్ళాడు. సోమవారం కూలీలతోపాటు పొలంగట్టున కూర్చున్నాడు, పని ముట్టకుండా.