తమ్ముడు తెచ్చిన తివాచీ

మా తమ్ముడు దుబాయి నుంచి సెలవు మీద వస్తూ నాకో తివాచీ తెచ్చాడు. "చైనాదక్కా! శానా పాతదట, చేత్తోని నేసిందట" అన్నాడు. మధ్యలో నాలుక చాచిన డ్రాగన్, చుట్టూ నీలి మబ్బులు. రాయికల్‌లో మా వాడవాళ్ళంతా వచ్చి చూసి పోయారు. అందరి చేతా మెట్ల కిందే చెప్పులు విప్పించాను. చంటిపిల్లల్ని ఎత్తుకొచ్చిన వాళ్ళను చూస్తే గుండె దడే!

ఆ మురిపెం పక్కింటి పెద్దమ్మ వచ్చేదాకానే. ఆమె పుట్టిల్లు వరంగల్ కొత్తవాడ. జంపఖానా మగ్గాల చప్పుడు మధ్య పెరిగిన మనిషి. డ్రాగన్ వంక చూడనైనా చూడకుండా తివాచీ మూల తిరగేసింది.

"మీద కాదు బిడ్డా, ఎనక చూడాలె. ముడి ముడి ఏసి నేస్తే పువ్వు ఎనకకు గూడ కనవడుతది. పడుగు పోగులే కుచ్చులైతయి. గిదేమొ కుచ్చులు కుట్టిండ్రు, ఎనక గుడ్డ అంటవెట్టిండ్రు."

పౌరుషం వచ్చి పుస్తకాలు తిరగేశాను. పాత చైనా తివాచీల్లో పువ్వు చుట్టూ ఉన్ని కత్తిరించి సన్నని గాడి తీస్తారట, పువ్వు ఉబ్బెత్తుగా కనబడడానికి. మనం చీపురుతో తరిమే గబ్బిలం వాళ్ళకు శుభచిహ్నం. వాళ్ళ భాషలో గబ్బిలమన్న మాటా, భాగ్యమన్న మాటా ఒక్కలాగే పలుకుతాయట! ఐదు గోళ్ళ డ్రాగన్ చక్రవర్తులకే. వెంటనే నా డ్రాగన్ గోళ్ళు లెక్కపెట్టాను. ఒక కాలికి నాలుగు, ఇంకో కాలికి ఆరు!

మన వరంగల్ తివాచీ 1851లోనే లండన్ ప్రదర్శనకు వెళ్ళిందని కూడా ఆ పుస్తకాల్లోనే చదివాను. అప్పుడు గుర్తొచ్చింది, నా పెళ్ళికి అమ్మ ఇచ్చిన వరంగల్ జంపఖానా. పాతకాలపుదని అటకెక్కించింది నేనే. దించి, దులిపి, తిరగేశాను. దీనికి ముడులుండవు. నూలు పేకను పంజాతో దట్టంగా కొట్టి నేస్తారు. ఎటు వేసినా ఒకటే రూపం. 2018లో వరంగల్ జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా ఇంట్లో మాత్రం ఇప్పుడొచ్చింది!

మొన్న తమ్ముడు ఫోన్ చేశాడు. "పెద్దక్కకు గూడ అసొంటిదే తెస్త."

నా గొంతులో వెలక్కాయ పడింది. ఎన్ని రాత్రుల ఓవర్‌టైమ్ డబ్బో అది! నిజం చెబితే వాడి మనసు విరుగుతుంది, చెప్పకపోతే మళ్ళీ మోసపోతాడు.

"వద్దురా. పెద్దక్కకు నేను వరంగల్ జంపఖానా తెప్పిస్త. నువ్వు పైసలు దాసుకో."

"నా తివాచీ ముంగట గదేం లెక్కక్కా?"

"నిజమే గని, నీది ఒక్కటే ఉంటె దాని ఇలువ వేరురా" అన్నాను. వాడు మురిసిపోయాడు.

జంపఖానా ఇప్పుడు ముందు గదిలో ఉంది. తివాచీ కూడా అక్కడే ఉంది. దాని నాలుగు మూలల మీదా నాలుగు కుర్చీలు వేశాను, వాడొచ్చినప్పుడు పెద్దమ్మ తిరగేయకుండా!