జాడీ మీద చీటీ

ప్రశ్నార్థకాన్ని చూసి ఏడ్చిన వాళ్ళని మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. మా కోడలే!

పాప పుట్టాక మానేసిన ఉద్యోగంలో మళ్ళీ చేరదామని రాత్రిళ్ళు జావా చదువుతోంది. "మొన్న ఇంటర్వ్యూలో ఈ ప్రశ్నార్థకం దగ్గరే తడబడ్డాను అత్తయ్యా. మళ్ళీ బుధవారం ఇంకోటుంది" అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నాకు చెప్పు. చెబితే నీకే వస్తుంది" అన్నాను, కందిపప్పు ఏరుకుంటూ.

చెప్పింది. 2004లో జావా 5తో జాడీలకి చీటీలు అంటించే పద్ధతి వచ్చిందట. ఆవకాయ అని చీటీ ఉంటే అందులో ఆవకాయే ఉండాలి. ఆవకాయ కూడా పచ్చడే కదా, దాన్ని పచ్చళ్ళ జాడీ అంటే తప్పేమిటన్నాను. తప్పేనట! అలా అంటే ఎవరో వచ్చి అందులో గోంగూర వేసిపోతారు. ఆవకాయ కోసం గరిటె పెట్టినవాళ్ళకి గోంగూర తగులుతుంది.

"మరి ఏ పచ్చడైనా సరే, వడ్డిస్తే చాలనుకుంటే?"

"అప్పుడే ప్రశ్నార్థకం. పక్కన 'ఎక్స్‌టెండ్స్ పచ్చడి' అని రాస్తాం. తీస్తే వచ్చేది పచ్చడే. కాని ఏ పచ్చడి జాడీయో తెలీదు గనక కంపైలరు అందులో ఏదీ వెయ్యనివ్వదు."

"వెయ్యాలంటే?"

"'సూపర్ ఆవకాయ' అనాలి. అది ఆవకాయ జాడీ కావచ్చు, అన్ని పచ్చళ్ళదీ కావచ్చు, అడ్డమైనవీ పడేసేదీ కావచ్చు. ఆవకాయ నిశ్చింతగా వెయ్యొచ్చు. తీస్తే మాత్రం ఏదో ఒక వస్తువని తప్ప ఏమీ చెప్పలేం."

ఇచ్చే జాడీకి ఎక్స్‌టెండ్స్, పుచ్చుకునే జాడీకి సూపర్. జాషువా బ్లాక్ అనే ఆయన తన 'ఎఫెక్టివ్ జావా' పుస్తకంలో చెప్పిన సూత్రం ఇదేనట. రెండోసారి అప్పజెప్పేటప్పుడు కోడలు ఎక్కడా తడబడలేదు.

నాకే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అది మా ఇంటికొచ్చి ఆరేళ్ళయింది. నా జాడీల్లోంచి వడ్డించనిచ్చానే గాని, ఒక్క ఏడైనా ఆవకాయ కలపనిచ్చానా? "నీకు తెలీదులే, బూజు పడుతుంది" అనేదాన్ని. కంపైలరుకైతే లోపలేముందో తెలీదు, పాపం. నాకు తెలుసుగా!

పొద్దున్నే మావారు కాయలు కొట్టించి తెచ్చారు. చిన్న జాడీ తుడిచి కోడలి చేతికిచ్చాను.

"మా అమ్మలా వెల్లుల్లి దండిగా వేస్తాను అత్తయ్యా" అంది.

ఏదో అనబోయి, నోరు మూసుకున్నాను.