తప్పు వేలిదేనా?

పోయిన వేసవిలో ఒక పెద్దావిడ దగ్గర్నుంచి ఫోనొచ్చింది. ఎనభై దాటిన రచయిత్రి. తన కథలన్నీ ఒక సంపుటంగా వేసుకుందామని చేతిరాత ప్రతులు నాకు టైపుకిచ్చారు. "ఏమమ్మా, నా కథల్లో స్త్రీ ఎక్కడా నిలబడటం లేదేంటి?" అన్నారు. ఏదో విమర్శ గురించి మాట్లాడుతున్నారనుకున్నాను. కాదు, అచ్చుతప్పుల గురించి. నేను పంపిన ప్రూఫుల్లో 'స్త్రీ' చాలాచోట్ల 'సత్రీ' అయింది. 'పురుషుడు' రెండుచోట్ల 'పురరుషుడు' అయ్యాడు. "ఆడదానికి ఒక వత్తు కోసేసి, మగాడికి ఒక అక్షరం ఎక్కువిచ్చావు. లోకన్యాయమే పాటించావులే" అని నవ్వేశారు.

నాకు నవ్వు రాలేదు. మా అమ్మకు పార్కిన్సన్స్ జబ్బు ఉండేది. మాకు ముందుగా కనిపించింది ఆవిడ చెయ్యి వణకడం కాదు, ముగ్గు వణకడం. వాకిట్లో తిన్నగా సాగాల్సిన గీత మధ్యలో తెగి మళ్ళీ మొదలయ్యేది. చలికనుకున్నాం, హడావుడనుకున్నాం, వయసనుకున్నాం. అలా అనుకుంటూనే రెండేళ్ళు గడిపేశాం. ఇప్పుడు నాకు యాభై మూడు. నా తిండి ఈ పది వేళ్ళ మీద ఆధారపడి ఉంది. ఫోను పెట్టేశాక చాలాసేపు ఎడమ చేతిని లైటు కింద చాపి చూసుకున్నాను. వణుకుతున్నట్టే ఉంది. అంతసేపు చాపి ఉంచితే ఎవరి చెయ్యయినా వణుకుతుందేమో!

టైపు పని తెలియని వాళ్ళ కోసం ఒక మాట. నేను వాడేది ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి. అందులో 'స్త్రీ' అనడానికి ఆరు మీటలు నొక్కాలి: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. కంటికి ఒక్క అక్షరం, వేళ్ళకు ఆరు పనులు. పొల్లు ఇంగ్లిష్ 'డి' మీట మీద, ఎడమచేతి మధ్యవేలి కింద ఉంటుంది. వత్తులు లేకుండా తెలుగులో నాలుగు వాక్యాలు రాయలేం కాబట్టి, రోజంతా చాకిరీ చేసేది ఆ మీటే. సరిగ్గా పడితే పొల్లు కంటికి కనపడదు, వత్తులో కలిసిపోతుంది. పడకపోతేనే అదొకటి ఉందని తెలుస్తుంది. (ఇంటిపని గుర్తొచ్చిందా? నాకూ అదే గుర్తొచ్చింది.)

మర్నాడు మైత్రీవనం దాకా నడిచి వెళ్ళి ఒక షాపులో కీబోర్డు అడిగాను. అమ్మే కుర్రాడు "బాబు కోసమా మేడమ్? గేమింగ్‌కా?" అన్నాడు. నాకేనన్నాను. చేతిలో ఉన్నదాన్ని పక్కన పెట్టి, అన్నిటికంటే చవకది తీసి "మీకైతే ఇది చాలు" అన్నాడు. పక్కన పెట్టిన దానికీ దీనికీ తేడా ఏమిటని అడిగాను. "అది థౌజండ్ హెర్ట్జ్ మేడమ్, పోలింగ్ రేటు." అంటే ఏమిటన్నాను. "అంటే స్పీడ్." అంతకంటే అతనికి తెలియదు. నాకూ తెలియదు. ముప్పై ఏళ్ళుగా కీబోర్డు మీద బతుకుతూ దాని లోపల ఏం జరుగుతుందో ఒక్కసారీ అడగలేదని అక్కడ నిలబడినప్పుడే తట్టింది. ఏదీ కొనకుండా వచ్చేశాను.

సత్యం థియేటర్ ఉన్నప్పటి నుంచీ మేముండేది దాని వెనక సందులోనే. ఇప్పుడా థియేటర్ పోయి మాల్ వచ్చింది. మా పై అంతస్తు ఆడపిల్లల హాస్టల్. అమీర్‌పేటలో ఏ మేడ మీద చూసినా ఒకటి హాస్టలో, కోచింగ్ సెంటరో ఉంటుంది కదా. అందులో కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేస్తోంది. ఆరిన బట్టలు తీసుకుంటూ ఆ అమ్మాయికి నా గోడు చెప్పాను. "చెయ్యి మీద ముందుగాల ఎందుకు అనుమానపడ్తున్నరు ఆంటీ?" అంది. "తప్పును మళ్ళా తెప్పిచ్చి సూడాలె. అది ఎప్పుడొస్తుందో తెలిస్తేనే ఎవరిదో తెలుస్తది. మా క్లాసుల మొదటి రోజు చెప్పింది గదే."

సాయంత్రం లాప్‌టాప్ పట్టుకుని కిందికి దిగింది. ఒక చిన్న ప్రోగ్రాం రాసింది. నేను మీట నొక్కిన క్షణం, వదిలిన క్షణం సెకనులో వెయ్యో వంతు దాకా లెక్కగట్టి తెర మీద వరసగా చూపిస్తుందది. మొదట ఒక మీటను అలాగే నొక్కిపట్టి ఉంచాను. సుమారు ముప్పై మూడు మిల్లీసెకన్లకు ఒక అక్షరం చొప్పున బిలబిలా పడిపోయాయి. ఇదేనా పోలింగ్ రేటు అన్నాను. కాదట. నొక్కిపట్టిన మీటను కంప్యూటరే తనంతట తాను మళ్ళీ మళ్ళీ రాసుకుంటుంది, దానికీ కీబోర్డు వేగానికీ సంబంధం లేదు. చాలామంది అక్కడే పొరబడతారంది. తర్వాత రెండు చేతుల వేళ్ళతో ఇష్టమొచ్చినట్టు మీటలన్నీ దొర్లించమంది. హార్మోనియం వాయించినట్టు దొర్లించాను. ఈసారి పడిన అంకెల మధ్య తేడాలు ఎనిమిది, పదహారు, ఇరవై నాలుగు. ఎనిమిదో ఎక్కమే! మధ్యలో పదకొండు, పందొమ్మిది లాంటివి దాదాపు లేనే లేవు.

అప్పుడు అర్థమైంది. ఈనాటి యూఎస్‌బీ కీబోర్డు తనంతట తాను ఏమీ చెప్పదు. 'ఏమైనా ఉందా, ఏమైనా ఉందా' అని కంప్యూటరు అడుగుతూ ఉండాలి. అడిగినప్పుడు ఉంటే ఉందనాలి, లేకపోతే లేదనాలి. మామూలు కీబోర్డును సెకనుకు 125 సార్లు అడుగుతుంది, అంటే ఎనిమిది మిల్లీసెకన్లకు ఒకసారి. గేములాడే వాళ్ళవాటిని వెయ్యిసార్లు అడుగుతుంది. ఇప్పుడు ఎనిమిది వేలవి కూడా అమ్ముతున్నారు. వెనకటి కంప్యూటర్లకు గుండ్రటి ఊదారంగు పిన్నుతో తగిలించే కీబోర్డులు ఇలా కాదు. మీట నొక్కగానే అవే మధ్యలో కల్పించుకుని చెప్పేసేవి. అడిగితే తప్ప నోరు విప్పకూడని ఈ కొత్త ఏర్పాటు గురించి నేనేదో పెద్ద ఉపన్యాసం మొదలుపెట్టబోతే, "ఆంటీ, అది ఒట్టి వైరు" అని ఆపేసింది అమ్మాయి. నిజమే. నాకీ జబ్బు కూడా ఉంది.

ఇంతా చేసి నా తప్పుకు పోలింగ్ రేటు కారణం కాదు. అడిగేదాకా ఎదురుచూసే సమయం మహా అయితే ఎనిమిది మిల్లీసెకన్లు, సగటున నాలుగు. అంత చిన్న ఆలస్యానికి అక్షరం పోదు, రెండుసార్లూ పడదు. మరి 'ర' ఎందుకు రెండుసార్లు పడుతోంది? గంటసేపు మామూలుగా కథ టైపు చేయించి అమ్మాయి ఆ వరసంతా వెతికింది. 'ర' రెండు పడినచోటల్లా వాటి మధ్య ఎడం పదహారో, ఇరవై నాలుగో. ఇప్పుడు కావాలనే ఒకే వేలితో ఒకే మీటను ఎంత వేగంగా కొట్టగలరో కొట్టండి అంది. పళ్ళు బిగించి కొట్టాను. నూట నలభైకి తగ్గలేదు. ఆ అమ్మాయి ఇరవై రెండేళ్ళ వేలు కూడా నూట ఇరవై దగ్గర ఆగిపోయింది. పదహారు మిల్లీసెకన్లలో రెండుసార్లు కొట్టే మనిషి భూమ్మీద ఉండదు. "మీ చెయ్యి కాదు ఆంటీ. గిది మిషినే."

నాది టకటకమని చప్పుడు చేసే మెకానికల్ కీబోర్డు. దాని ప్రతి మీట కింద చిన్న లోహపు రేకు ఉంటుంది. నొక్కగానే ఆ రేకు ఒక్కసారి తగిలి ఊరుకోదు, నేల మీద పడ్డ రూపాయి బిళ్ళలా నాలుగైదు సార్లు ఎగిరి కుదుటపడుతుంది. ఆ ఎగరడాన్ని లెక్కలోకి తీసుకోకుండా కీబోర్డు లోపలి చిప్పు కొద్దిసేపు, సాధారణంగా ఐదారు మిల్లీసెకన్లు, ఆగుతుంది. రేకు అరిగిపోతే ఆ గడువు దాటాక కూడా ఎగురుతూనే ఉంటుంది. అప్పుడు ఒక దెబ్బ రెండుగా నమోదవుతుంది.

ఆ మాట విన్నాక నాకు వెంటనే గుర్తొచ్చింది పెద్దావిడ కథ కాదు. 2002.

అప్పుడు పంజగుట్టలో ఒక మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ సంస్థలో పనిచేసేదాన్ని. అమెరికాలో డాక్టర్లు రోగుల గురించి చెప్పి రికార్డు చేసిన మాటలు ఇక్కడికొచ్చేవి. చెవులకు హెడ్‌ఫోన్, కాలి కింద పెడల్, వేళ్ళ కింద కీబోర్డు. వాళ్ళు నిద్రలేచేలోగా రిపోర్టులు సిద్ధం కావాలి. ఆ రోజుల్లో అమీర్‌పేట, పంజగుట్టల్లో గోడ గోడకూ దాని కోర్సుల ప్రకటనలే. బీఎస్సీ చదివి ఇంట్లో కూర్చున్న ఆడవాళ్ళం చాలామందిమి అందులోకి వెళ్ళాం. డబ్బు లైన్ల లెక్కన. ఖాళీలతో కలిపి 65 అక్షరాలు ఒక లైను. నూటికి తొంభై ఎనిమిది పాళ్ళు తప్పుల్లేకుండా ఉండాలి. మందు మోతాదులో తప్పొస్తే మాత్రం పర్సెంటేజీలు ఉండవు, ఆ ఫైలు మొత్తానికి డబ్బు కట్.

నాకు తరచూ వచ్చిన తప్పు ఒకటే. 5 మిల్లీగ్రాములు 55 అయ్యేది. అక్కడ పట్టుకుని సరిచేసేవాళ్ళు ఉండేవాళ్ళు కాబట్టి ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. కానీ నన్ను మూడుసార్లు పిలిచారు. మొదటిసారి జాగ్రత్త అన్నారు. రెండోసారి, "పెళ్ళయినవాళ్ళకు ధ్యాసంతా ఇంటి మీదే ఉంటుంది" అన్నాడు టీమ్ లీడరు. మూడోసారి, "చేతులు వణుకుతున్నాయేమో, చూపించుకోండి" అన్నాడు. నేను ఎదురు మాట్లాడలేదు. మానిటర్‌కు ఒక పసుపు కాయితం అంటించుకున్నాను, 'అంకెలు మళ్ళీ చూడు' అని. 2003లో మానేశాను. ఎందుకు మానేశావని ఎవరడిగినా ఇరవై ఏళ్ళుగా నేను చెప్పే జవాబు, "నాకు ఏకాగ్రత తక్కువ" అని.

ఇరవై ఏళ్ళు! నా గురించి నేను నమ్మిన మాట అది.

అదే కుర్చీలో పొద్దున షిఫ్టు చేసే స్నేహితురాలు ఒకామె ఉండేది. ఆరు నుంచి రెండు దాకా ఆమె, రెండు నుంచి పది దాకా నేను. నేను వచ్చేసరికి కుర్చీ ఇంకా వెచ్చగా ఉండేది. ఆమె కూడా అదే సంవత్సరం మానేసింది, పసిపిల్ల ఉంది కాబట్టి అనుకున్నాం. ఇప్పుడు విజయవాడలో ఉంటుంది. కీబోర్డు పరీక్ష జరిగిన రాత్రి ఆమెకు ఫోను చేశాను. ఆ మాటా ఈ మాటా అయ్యాక అడిగాను. "నీకు ఎందులో కట్ చేసేవాళ్ళు?"

"డోసుల్లో" అంది.

"ఏ అంకె?"

చాలాసేపు మాట్లాడలేదు. "ఐదు" అంది. తర్వాత, "నీకూనా?" అంది.

పిల్ల రాత్రంతా నిద్రపోనివ్వదు కాబట్టి ఆమెకు తప్పులొస్తున్నాయని ఆమెకు చెప్పారట. ఆమె నమ్మింది. ఆ పిల్లకు ఇప్పుడు పెళ్ళయింది. "దాని వల్లే నా ఉద్యోగం పోయిందని ఎన్నిసార్లు దాన్నే అన్నానో" అంది. ఆమె గొంతు మారిపోయింది. మేమిద్దరం ఆ కుర్చీ దగ్గర రోజూ పది నిమిషాలు మాట్లాడుకునేవాళ్ళం. అత్తగార్లు, గ్యాస్ సిలిండర్లు, పీఎఫ్ కోతలు, నెలసరి నొప్పులు అన్నీ చెప్పుకున్నాం. ఇదొక్కటే చెప్పుకోలేదు. చేతకాని పనిమంతురాలినని తోటి పనిమంతురాలి ముందు ఎలా ఒప్పుకుంటాం? ఒక్కరోజు నోరు జారి ఉంటే చాలు, ఆ కీబోర్డు మార్చేవాళ్ళు.

మార్చేవాళ్ళని ఖాయంగా చెప్పలేను. ఆ కీబోర్డు ఏ చెత్తలో కలిసిపోయిందో. దాని తప్పని ఇప్పుడు రుజువు చెయ్యడానికి నా దగ్గర ఏమీ లేదు, ఇద్దరు ఆడవాళ్ళు, ఒక అంకె తప్ప.

రెమింగ్టన్ కంపెనీ 1874లో అమ్మకానికి పెట్టిన మొదటి టైప్‌రైటర్ కుట్టుమిషన్ల విభాగంలోనే తయారైంది. దాని మీద పూలు వేశారు, కాలితో తొక్కే పెడల్ కూడా పెట్టారు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు ఇంగ్లిషులో 'టైప్‌రైటర్' అంటే మిషనూ అదే, దాని ముందు కూర్చున్న అమ్మాయీ అదే. రెంటికీ ఒకటే పేరున్నప్పుడు, ఏది చెడిపోయిందో ఎవరికి అక్కర?

ఇక్కడితో ఆపేస్తే నాకు బాగుండేది. కానీ 'సత్రీ' సంగతి మిగిలిపోయింది. కోర్సులో ఎవరో అబ్బాయి దగ్గర గేమింగ్ కీబోర్డు తెచ్చింది మా పై అంతస్తు టెస్టరమ్మ. అందులో అంకెలు ఎనిమిదో ఎక్కంలో కాకుండా ఒక్కో మిల్లీసెకను తేడాతో పడ్డాయి. నా వేళ్ళకు వేగంలో ఏ తేడా తెలియలేదు. రెండు 'ర'లు పూర్తిగా పోయాయి. పొల్లు మాత్రం, తగ్గింది కానీ పోలేదు. మీట కొన్నిసార్లు అసలు నొక్కబడలేదు. నొక్కినప్పుడు కూడా తక్కిన వేళ్ళన్నీ మీటను తొంభై, నూట పది మిల్లీసెకన్ల మధ్య పట్టి వదిలేస్తుంటే, ఎడమ మధ్యవేలు ఒకసారి అరవై, ఒకసారి నూట ఎనభై. అమ్మాయి ఆ వరస చూసి ఈసారి ఏమీ అనలేదు.

మీట మీద వేలు ఎంతసేపు నిలిచిందనే లెక్కతో పార్కిన్సన్స్ తొలిదశను పసిగట్టవచ్చా అని అమెరికాలో ఎంఐటీ పరిశోధకులు 2016లో ఒక పరిశోధన ప్రచురించారు. మామూలుగా టైపు చేస్తున్నప్పుడే, ఏ ప్రత్యేక పరీక్షా లేకుండా. చదివి ఆ రాత్రి నిద్రపోలేదు. మెడ నరం నొక్కుకున్నా, చక్కెర ఎక్కువైనా, ఊరికే అలసిపోయినా వేలు తడబడవచ్చని కూడా నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన నిద్ర వస్తుందా!

మెట్రోలో ఒక్క స్టేషన్ దూరం. పంజగుట్టలో నరాల డాక్టరుకు చూపించుకున్నాను, మా అమ్మాయిని తోడు రమ్మనకుండా. బొటనవేలూ చూపుడువేలూ వీలైనంత వెడల్పుగా, వేగంగా కొట్టమన్నారామె. కొట్టాను, కుడి, ఎడమ. నడవమన్నారు, నడిచాను. సంచీలోంచి అంకెల కాయితం తీసి ఇచ్చాను, నవ్వుతారేమోనని అనుకుంటూనే. కళ్ళజోడు పెట్టుకుని కిందిదాకా చదివారు.

"ఇది ఏ కీబోర్డు మీద కొట్టారు?" అని అడిగారు.

రెండింటి మీదా అన్నాను. ఏది పాతది, ఏది కొత్తది అని రెండు వరసల పైనా నా చేతనే రాయించుకున్నారు. మెడకు ఎక్స్‌రే, రక్తపరీక్షలు రాసి, ఆరు నెలల తర్వాత మళ్ళీ అదే కీబోర్డు మీద కొట్టి ఆ కాయితం తెమ్మన్నారు. పెద్దావిడ కథలు ఇంకా నలభై పేజీలున్నాయి. ఆ అబ్బాయి కీబోర్డు వెనక్కిచ్చేసి నాకంటూ ఒకటి కొనుక్కున్నాను. షాపులో ఈసారి, బాబు కోసమా అని అడిగే అవకాశం ఇవ్వలేదు.