ఉప్పు కోసం నాలుక

గొర్రెలున్న ఇంట్లో రాళ్ళుప్పు కాస్త ఎక్కువే కొంటారు. కర్నూలు, కడప పల్లెల్లో కాపరి దాన్ని దంచి బండ మీద చల్లేటప్పుడు చూడాలి. అంతవరకూ తుమ్మకాయల కోసం కలబడుతున్న జీవాలు తలలెత్తి, ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చిపడతాయి. ఉప్పు అయిపోయినా బండను వదలవు. గరుకు నాలుకల చప్పుడు పక్కన నిలబడ్డవాళ్ళకు వినిపిస్తుంది. కొన్ని కాపరి చేతి చెమటను కూడా నాకుతాయి. "ఉప్పు లేకుంటే నోరు సప్పబడి మేత ఎక్కదు నాయనా" అన్నాడొక పెద్దాయన. ఆ మాట నూటికి నూరుపాళ్ళూ నిజం. ఉప్పు తక్కువైన పశువుకు మేత మీదికి మనసు పోదు, బక్కచిక్కుతుంది.

గడ్డిలో, ఆకులో పొటాషియం దండిగా ఉంటుంది, సోడియం మాత్రం చాలా తక్కువ. సముద్రపు గాలి సోకని మెట్టనేలల్లో ఆ కరువు ఇంకా ఎక్కువ. పులికి ఆ చింత లేదు, వేటాడిన దుప్పి నెత్తుట్లోనే దానికి కావలసినంత ఉప్పుంది. కష్టమంతా మేత మేసేవాటిదే. నెమరు వేసే జీవానికి లాలాజలం రోజూ లీటర్ల కొద్దీ ఊరాలి, అందులోకి బోలెడు సోడియం పోవాలి. లోటు వస్తే గొర్రె ఒంట్లో పొదుపు మొదలవుతుంది. ఎడ్రినల్ గ్రంథులు ఆల్డోస్టిరోన్ అనే హార్మోన్‌ను వదులుతాయి. దాంతో మూత్రంలో సోడియం పోవడం తగ్గుతుంది, లాలాజలంలో దాని చోట పొటాషియం చేరుతుంది. ఆ ఆల్డోస్టిరోన్, దానితోపాటు యాంజియోటెన్సిన్ అనే మరో హార్మోన్ కలిసి మెదడుకూ కబురు పెడతాయి. ఉప్పు కోరిక పుట్టేది అక్కడే.

1936లో అమెరికాలో కర్ట్ రిక్టర్ ఎలుకలకు ఎడ్రినల్ గ్రంథులు తీసేశాడు. ఒంట్లో సోడియం నిలవని అలాంటి ఎలుకలు మామూలుగా కొన్నాళ్ళకే చచ్చిపోతాయి. ఉప్పునీళ్ళు అందుబాటులో పెడితే మాత్రం తమంతట తామే తాగి బతికాయి. నన్ను ఇంతకన్నా కదిలించింది 2013లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో మైక్ రాబిన్సన్, కెంట్ బెరిడ్జ్ చేసిన ప్రయోగం. ఒక మీట బయటికి వచ్చినప్పుడల్లా ఎలుకల నోట్లో సముద్రపు నీటికన్నా ఎంతో ఉప్పగా ఉండే ద్రావణం పోసేవారు. పాపం, ఆ మీట కనబడితేనే అవి పక్కకు తప్పుకునేవి. తర్వాత మందులతో వాటి ఒంట్లో సోడియం తగ్గించారు. మర్నాడు మీట రాగానే అవే ఎలుకలు పరుగున వెళ్ళి దాన్ని మూతితో పట్టుకున్నాయి! ఉప్పు ఇప్పుడు రుచిగా ఉంటుందని తెలిసే అవకాశమే వాటికి లేదు, ఆ స్థితిలో ఒక్క చుక్క కూడా నాలుక మీద పడలేదు. ఒళ్ళు మారింది, దానితో మనసూ మారింది. అనుభవం నేర్పితేనే కోరిక పుడుతుందనుకునేవాళ్ళు ఈ ఎలుకల ముందు కాసేపు ఆగాలి.

ఇంత గట్టి అవసరం మీద పన్ను వేయడం ఎంత క్రూరమో ఈ సీమకు తెలుసు. చౌడుమట్టిని నీళ్ళలో కలిపి, వడగట్టి, ఉప్పు తీయడం ఒకప్పుడు ఉప్పరుల కులవృత్తి. 1805లో మద్రాసులో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం ఉప్పు వ్యాపారాన్ని తన గుత్తాధిపత్యం కిందికి తెచ్చుకుంది, తర్వాత తర్వాత మట్టి ఉప్పునూ అణచేసింది. 1930 ఉప్పు సత్యాగ్రహం గురించి చెప్పుకునేటప్పుడు పేదవాడి సంగటి గుర్తొస్తుంది, అతని ఎద్దు గుర్తుకు రాదు. ఉప్పు ప్రియమైతే ఇంట్లో ముందు కోత పడేది పశువు వంతుకే.

నల్లమలలో అటవీశాఖవాళ్ళు జంతువుల కోసం ఉప్పు పెడతారు. దుప్పులు, కణుజులు దానికోసం వస్తాయి. మందలకు ఆ పూచీ కాపరిదే. ఇప్పుడు పశువుల మందుల షాపుల్లో ఖనిజలవణ ఇటుకలు దొరుకుతున్నాయి. దొడ్డిలో వేలాడదీస్తే గొర్రెలే వచ్చి నాక్కుంటాయి. పక్కనే నీళ్ళ తొట్టి మాత్రం నిండుగా ఉండాలి. నీళ్ళు చాలనప్పుడు ఎక్కువ ఉప్పు తిన్న జీవం ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది, అదీ ముఖ్యంగా ఎండాకాలంలో, బోర్లు ఎండిపోయే రోజుల్లో.